మీటరు బల్ల మీద పెట్టి వెళ్లిపోయిన రోజు: ఒక వడ్ల కొనుగోలు కేంద్రం జట్టు మీద కేస్ స్టడీ

నేను మహిళా పొదుపు సంఘాలతో పనిచేసే కమ్యూనిటీ కోఆర్డినేటర్‌ని. ఊళ్లలో సీసీ మేడం అంటారు. పాత నల్గొండ జిల్లాలో ఒక మండలంలో కొన్ని గ్రామాలు నా కింద ఉండేవి. ఏడాదికి రెండుసార్లు, వానాకాలం పంటకూ యాసంగి పంటకూ, గ్రామ సంఘాలు (ఒక ఊరి పొదుపు సంఘాలన్నీ కలిసిన సంఘాలు) నడిపే వడ్ల కొనుగోలు కేంద్రాలను కూడా నేనే చూసుకోవాలి. ఈ కేసు వాటిలో ఒక కేంద్రానిది. 2022 వానాకాలం, 2023 యాసంగి, రెండు సీజన్లలోనూ అవే ఏడుగురు ఆడవాళ్లు. మొదటి సీజన్‌లో వాళ్లను జట్టు కానివ్వకుండా అడ్డుపడింది నేనే. ఆ సంగతి అప్పుడు నాకు తెలియలేదు. ఊరి పేరు, మనుషుల పేర్లు రాయడం లేదు. వాళ్లు రేపు కూడా ఆ ఊళ్లోనే బతకాలి.

కేంద్రం పని తెలియని వాళ్ల కోసం కొంచెం చెబుతాను. రైతు వడ్లు తెచ్చి కుప్ప పోసి ఆరబెడతాడు, తాలు పట్టిస్తాడు. సంఘం సభ్యులు మీటరుతో తేమ చూస్తారు. 17 శాతం దాటకపోతే కాంటా వేస్తారు. సంచికి 40 కిలోల చొప్పున గన్నీ సంచుల్లో నింపిస్తారు, హమాలీలు కుట్టి లారీకి ఎక్కిస్తారు. ట్రక్ షీట్ (లారీలో వెళ్లే సరుకు వివరాల కాగితం) రాసి మిల్లుకు పంపుతారు. ట్యాబ్‌లో ఎంట్రీ అయ్యాక రైతు ఖాతాలో డబ్బు పడుతుంది. ఆ ఏడాది 'ఏ' గ్రేడ్ వడ్లకు క్వింటాలుకు 2060 రూపాయలు, సాధారణ రకానికి 2040 రూపాయలు మద్దతు ధర. కొన్న వడ్ల మీద గ్రామ సంఘానికి కమీషన్ వస్తుంది.

చెప్పడానికి ఇంతే. కానీ తేమ 17 ఉందా, 19 ఉందా అన్న చోట ఒక కుటుంబం ఆరు నెలల కష్టం ఆగుతుంది. ఇంకో రెండు రోజులు ఆరబెట్టాలంటే ఇంకో రెండు రాత్రులు కుప్ప దగ్గర పడుకోవాలి, ఆకాశం వైపు చూస్తూ ఉండాలి. ఆ మాట చెప్పాల్సింది అదే ఊరి కోడలో, ఆడపడుచో. చెప్పించుకునేది ఆమె బావో, మామో, ఆమె కూలికి పోయే పొలం రైతో.

ఏడుగురిలో ఒకామె గ్రామ సంఘం అధ్యక్షురాలు, కేంద్రం ఇన్‌ఛార్జి. ఒకామె వీఓఏ, అంటే గ్రామ సంఘం సహాయకురాలు, పుస్తకాలూ ట్యాబూ ఆమె చేతిలో. మిగిలిన ఐదుగురికి మీటరు, కాంటా, సీరియల్ (ఎవరి కుప్ప తర్వాత ఎవరిదనే వరుస), గన్నీ సంచుల లెక్క, టార్పాలిన్లు. మీటరు పట్టుకున్నామెకు సెంటు భూమి లేదు. దళిత వాడ నుంచి వచ్చింది. నాట్లు వేయడం, కలుపు తీయడం, కల్లంలో తూర్పార పట్టడం చిన్నప్పటి నుంచి చేసిన మనిషి. గింజ పంటి కింద పెట్టి కొరికి, ఆ చప్పుడును బట్టి తేమ ఇంత ఉంటుందని చెబితే మీటరులో దాదాపు అంతే వచ్చేది.

వాళ్లందరూ పదేళ్లకు పైగా పొదుపు సంఘాల్లో ఉన్నవాళ్లు. పంచసూత్రాలు నోటికి వచ్చు: క్రమం తప్పని సమావేశం, పొదుపు, అంతర్గత అప్పు, అప్పు తిరిగి కట్టడం, పుస్తకాలు సరిగా రాయడం. అందుకే వీళ్లు ఇప్పటికే ఒక జట్టు అని నేను లెక్క వేసుకున్నాను. అది తప్పు లెక్క. పొదుపు సంఘంలో అందరూ గుండ్రంగా కూర్చుని ఒకే పని చేస్తారు. ఇక్కడ ఏడుగురూ ఏడు పనులు చేస్తారు, ఒకరి పని ఆగితే మిగతావాళ్లవీ ఆగుతాయి. పైగా ఏడుగురూ వేర్వేరు సంఘాల వాళ్లు. ఒకరి ముఖం ఒకరికి తెలుసు గానీ, కలిసి ఒక్క రోజు పని చేసింది లేదు.

మొదటి సీజన్

2022 వానాకాలంలో మండల ఆఫీసులో సగం పూట శిక్షణ ఇచ్చి, ఎవరు ఏ పని చేయాలో కాగితం మీద రాసి ఇచ్చేశాను. అందరూ తలూపారు. "సరే మేడం" అన్నారు. నాకు సంతోషమైంది.

రెండో వారంలో గొడవ వచ్చింది. ఇన్‌ఛార్జి మరిది కుప్ప సీరియల్ తప్పి ముందు కాంటా అయిందని రైతులు అరిచారు. సీరియల్ రాసే ఆమె "నాకు తెల్వదు, అక్క చెప్పింది" అంది. నేను బండి మీద వెళ్లి, పావుగంటలో తీర్పు చెప్పి, సీరియల్ పుస్తకం వేరే ఆమె చేతిలో పెట్టి వచ్చేశాను. కేంద్రం సద్దుమణిగింది. మరుసటి రోజు నుంచి ఎవరూ ఎవరితోనూ గొడవ పడలేదు. అది నా పనితనమే అనుకున్నాను.

అసలు జరిగింది వేరు. ఆ రోజు నుంచి ప్రతి చిన్న విషయానికీ నాకే ఫోన్. "మేడం, ఈయన వడ్లు పద్దెనిమిది వచ్చినయ్, ఏం చేద్దాం?" "మేడం, లారీ డ్రైవర్ ఎక్కువ అడుగుతుండు." ఒకరి మీద ఒకరు చెప్పే చాడీలు కూడా నా చెవిలోనే. నా కింద ఇంకా నాలుగు కేంద్రాలు ఉన్నాయి. నాకు జ్వరం వచ్చి రెండు రోజులు ఫోన్ ఎత్తకపోతే ఆ రెండు రోజులూ కాంటా ఆగిపోయింది. ఎవరూ పని మానలేదు. పొద్దున్నే వచ్చి కూర్చున్నారు, నిర్ణయం మాత్రం తీసుకోలేదు. సీజన్ అయిపోయాక లెక్కల మీటింగ్‌కు ఇద్దరు రానే లేదు.

ఆ ఖాళీ కుర్చీలు చూసినప్పుడు నాకు ఎప్పుడో శిక్షణలో విన్న పాఠం గుర్తొచ్చింది. 1965లో బ్రూస్ టక్‌మన్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త చిన్న గుంపుల మీద అప్పటికి వచ్చిన 50 అధ్యయనాలను కలిపి చదివి, గుంపు నాలుగు దశల్లో ఎదుగుతుందని చెప్పాడు: ఫార్మింగ్, స్టార్మింగ్, నార్మింగ్, పెర్ఫార్మింగ్. 1977లో మేరీ ఆన్ జెన్సెన్‌తో కలిసి ఐదోది చేర్చాడు, అడ్జర్నింగ్. మా వాళ్లకు చెప్పేటప్పుడు నేను కలయిక, కొట్లాట, కట్టుబాటు, పని, వీడ్కోలు అంటాను. అతను చదివినవాటిలో చాలా భాగం చికిత్స కోసం కూడిన గుంపుల మీద జరిగినవి. ఆ సంగతి అతనే ఒప్పుకున్నాడు కూడా. కాబట్టి వడ్ల కేంద్రానికి అది అచ్చుగుద్దినట్టు సరిపోతుందని నేను అనను. అయినా రెండో దశ దగ్గర నా తప్పు నాకు కనబడింది. కొట్లాట మొదలైన క్షణంలోనే నేను వెళ్లి ఆపేశాను. వాళ్లు దాన్ని దాటాల్సిన అవసరం లేకుండా చేశాను. అందుకే ఆ సీజన్ అంతా వాళ్లు మొదటి దశలోనే ఉండిపోయారు, మర్యాదగా, మౌనంగా, నా వైపు చూస్తూ.

యాసంగి మొదలు

2023 యాసంగికి శిక్షణ ఆఫీసులో పెట్టలేదు. కేంద్రం నడిచే ఖాళీ స్థలంలోనే, చింతచెట్టు కింద కూర్చున్నాం. పనులు పంచే ముందు ఒక్కొక్కరినీ ఒకటే అడిగాను: "పోయిన సీజన్‌లో మీకు ఏ విషయంలో భయమైంది?"

మొదట ఎవరూ నోరు విప్పలేదు. చివరికి వీఓఏ అమ్మాయి చెప్పింది. ట్యాబ్‌లో ఒక్క అంకె తప్పు కొడితే రైతు డబ్బు ఆగిపోతుందని, ఆ రైతు ఇంటి మీదికి వస్తాడని రాత్రిళ్లు నిద్ర పట్టేది కాదట. గన్నీ సంచుల లెక్క చూసే ఆమె, సంచులు తక్కువ పడితే తన చేతి నుంచి కట్టాలేమోనని భయపడిందట. ఇన్‌ఛార్జి చాలా సేపు ఆగి, "మా ఇంటోళ్లే నన్ను ఎక్కువ సతాయించిన్రు మేడం" అంది. ఆ మాట విన్నప్పుడు మిగతావాళ్లు ఆమె వైపు చూసిన చూపు మారింది. పోయిన సీజన్‌లో నేను తీర్పు చెప్పిన గొడవకు అసలు కారణం ఇదే. అప్పుడు నేను అడగలేదు.

మీటరు చూసే ఆమె మాత్రం ఆ రోజు ఏమీ చెప్పలేదు. ఆమెను వదిలేశాను. అక్కడ ఇంకొంచెం ఓపిక పట్టి, పక్కన కూర్చుని అడగాల్సింది.

కొట్లాట

కేంద్రం తెరిచిన రెండో వారం. పెద్ద రైతు కుప్ప ఒకటి. పైన తీసిన గింజలు 16 చూపించాయి, లోపల చెయ్యి పెట్టి తీసినవి 19. మీటరు ఆమె "ఇంకా ఆరబెట్టాలె" అంది. ఆ రైతు, "వడ్లు పండించినోన్ని నేను, నీకేం తెలుసు?" అన్నాడు. అంతకంటే పెద్ద మాట కూడా అన్నాడు, అది ఇక్కడ రాయను. ఇన్‌ఛార్జి వచ్చి "పోనీలే, పదహారు రాయి" అంది. వీఓఏ రాసేసింది. మీటరు ఆమె ఏమీ అనలేదు. మీటరు తెచ్చి బల్ల మీద పెట్టి, చెప్పులు వేసుకుని ఇంటికి వెళ్లిపోయింది.

అరగంటలో నాకు నలుగురి నుంచి ఫోన్లు. బండి తీశాను, దారిలో ఆగాను. వెళ్లి తీర్పు చెప్పాలని చేతులు దురద పెడుతున్నాయి. పోయిన సీజన్ గుర్తొచ్చి, సాయంత్రం దాకా వెళ్లలేదు. ఫోన్లో ఒక్కటే చెప్పాను: ఆ కుప్ప కాంటా వేయవద్దు, సాయంత్రం ఆరింటికి అందరం కూర్చుందాం, ఆమెను పిలుచుకుని రావాల్సింది మీరే.

పిలవడానికి ఇన్‌ఛార్జి స్వయంగా వెళ్లింది. ఆ వాడలోకి తాను వెళ్లడం అదే మొదటిసారి అని తర్వాత నాకు చెప్పింది.

టార్పాలిన్ పరిచి కూర్చున్నాం. నేను రెండు షరతులు పెట్టాను. కుప్ప దగ్గర ఏం జరిగిందో చెప్పాలి, మనిషి ఎలాంటిదో చెప్పకూడదు. ఒకరు మాట్లాడుతుంటే మధ్యలో దూరకూడదు. తీర్పు నేను చెప్పనని కూడా ముందే చెప్పేశాను. మొదటి షరతు పది నిమిషాలు కూడా నిలబడలేదు. ఎప్పటివో సంఘం అప్పులు బయటికొచ్చాయి. ఒకామె మరొకామె కోడలి గురించి మాట అంది. మీటరు ఆమె, "ఆయన నన్ను అన్నప్పుడు మీరంతా నేల చూసిన్రు" అంది. దానికి ఎవరి దగ్గరా జవాబు లేదు. చీకటి పడింది, దోమలు కుడుతున్నాయి, ఎవరూ లేవలేదు. రెండు గంటలు దాటింది. ఏమీ తేలలేదు.

ఇంటికి వెళ్తూ నాకు ఏడుపు వచ్చింది. పాడు చేశానేమో అనిపించింది. మరుసటి రోజు అందరూ పనికి వచ్చారు గానీ ఇద్దరి మధ్య మాటల్లేవు. విషయం మా పై అధికారి దాకా వెళ్లింది. మీటరు వేరే ఎవరికైనా ఇచ్చేయమని సలహా వచ్చింది. అందులో దురుద్దేశం లేదు, సీజన్‌లో ఎవరికైనా ముందు కాంటా ఆగకూడదనే ఉంటుంది. నేను నాలుగు రోజుల గడువు అడిగాను.

ఆ నాలుగు రోజులూ నేను చేసింది చాలా తక్కువ. రోజూ సాయంత్రం వెళ్లి కూర్చున్నాను. "రేపు అలాంటి కుప్పే వస్తే ఏం చేస్తారు?" అని అడిగాను. జవాబు రాకపోతే ఊరుకున్నాను. మౌనంగా కూర్చోవడం నాకు చాలా కష్టమైంది. తోవ చూపడం అంటే మాట్లాడటమే అని నాకు అంతకాలం అలవాటు.

వాళ్లు పెట్టుకున్న కట్టుబాట్లు

మూడో రోజు సాయంత్రం కాంటా దగ్గర ఉండే ఆమె మొదలుపెట్టింది. ఆమె జట్టులో అందరికంటే పెద్దది, తక్కువ మాట్లాడేది. "ఎవరింటి వడ్లు వచ్చినా ఆ రోజు ఆమె మీటరు ముట్టొద్దు, కాంటా ముట్టొద్దు" అంది. ఇన్‌ఛార్జి వెంటనే ఒప్పుకుంది. ఆ కట్టుబాటు ఆమెకు శిక్షలా అనిపిస్తుందేమో అనుకున్నాను. ఆమెకు అది ఊపిరి ఆడినట్టుగా ఉందని ముఖంలో కనిపించింది. ఇకపై మరిది వచ్చి అడిగితే "నా చేతిలో లేదు" అని చెప్పుకోవచ్చు. ఇలాంటి కట్టుబాటు నాకు తట్టేది కాదు. తట్టినా, నేను పెట్టి ఉంటే ఆమె అవమానంగా తీసుకునేది.

ఆ తర్వాత ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. కుప్ప పైన, నడుమ, అడుగున, ఐదు చోట్ల గింజలు తీసి కలిపి, రైతు పక్కన నిలబడి ఉండగా మీటరులో పోయాలి. వచ్చిన అంకె బిగ్గరగా చదవాలి, చదివిందే రాయాలి. సీరియల్ పుస్తకంలోనే కాకుండా గేటు దగ్గర నల్లబల్ల మీద కూడా రాయాలి. సభ్యుల భర్తలు, కొడుకులు బల్ల దగ్గరికి రాకూడదు. మీటరు దగ్గర ఎవరైనా నోరు పారేసుకుంటే ఏడుగురూ పని ఆపి అక్కడికి వచ్చి నిలబడాలి. ఈ చివరిది మీటరు ఆమె అడగలేదు. వీఓఏ అమ్మాయి అంది, నేల చూసినవాళ్లలో తానూ ఉన్నానని చెబుతూ.

ఆ చివరి కట్టుబాటు వారంలోపే పనికొచ్చింది. ఇంకో రైతు గొంతు పెంచాడు. ఆరుగురు వచ్చి ఆమె పక్కన నిలబడ్డారు, ఎవరూ ఏమీ అనలేదు. ఆయన కాసేపు చూసి, "సరే, రేపు చూడున్రి" అని కుప్ప మీదికి టార్పాలిన్ లాక్కున్నాడు.

వాన

ఆ ఏప్రిల్ చివర్లో తెలంగాణలో కురిసిన అకాల వానలు, వడగళ్లు రైతులెవరూ మరిచిపోలేరు. మా కేంద్రం మీద వాన రాత్రి పది దాటాక పడింది. నాకు తెలిసింది తెల్లవారి ఐదింటికి. అప్పటికి వాళ్లు చేయాల్సిందంతా చేసేశారు. టార్పాలిన్లు చూసుకునే ఆమె మబ్బు చూసి, ఎవరినీ అడగకుండా, ఇంటింటికీ ఫోన్లు చేసింది. ఏడుగురిలో ఆరుగురు వచ్చారు, రాలేని ఒకామె కొడుకును పంపింది. కాంటా వేసి సంచుల్లో నింపినవి ముందు కప్పారు, ఎందుకంటే వాటి బాధ్యత ఇక రైతుది కాదు, సంఘానిది. తర్వాత పల్లంలో ఉన్న కుప్పల చుట్టూ పారలతో కాలువ తీశారు. నాకు ఎందుకు ఫోన్ చేయలేదని అడిగితే ఇన్‌ఛార్జి ఆశ్చర్యంగా చూసింది. "మీరొచ్చి ఏం చేస్తరు మేడం, రాత్రి పూట?" అంది. ఆ ఉద్యోగంలో నేను విన్న మాటల్లో నన్ను అంత సంతోషపెట్టింది ఇంకొకటి లేదు.

అన్నీ కాపాడలేకపోయారు. కొన్ని కుప్పలు తడిశాయి, కొన్నింట్లో మొలకలొచ్చాయి. తడిసిన వడ్లు కూడా కొంటామని మే మొదట్లో ప్రభుత్వం ప్రకటించింది. కానీ కేంద్రంలో కొన్న వడ్లు మిల్లులో దిగాలి కదా. ఒక మిల్లులో సంచికి ఇంత అని తరుగు కోస్తామన్నారు. వీఓఏ, కాంటా ఆమె, ఒక రైతు లారీతో పాటు మిల్లుకు వెళ్లారు. దారిలో ధర్మకాంటా (లారీని సరుకుతో సహా తూచే పెద్ద కాంటా) వేయించి ఆ చీటీ ట్రక్ షీట్‌కు పిన్ను కొట్టారు. మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా అక్కడే కూర్చున్నారు. తరుగు తగ్గింది, పూర్తిగా పోలేదు. ఆ మిగిలిన తరుగు రైతుల మీదే పడింది. దాన్ని నేను విజయం కింద రాయలేను. రైతులు కూడా అలా అనుకోలేదు. అయితే లారీ వెంట ఎవరు వెళ్లాలి, చీటీ ఎక్కడ వేయించాలి అన్నవి వాళ్లే నిర్ణయించుకున్నారు.

దశల గురించి ఇక్కడ ఒక మాట. వరుస మెట్లెక్కినట్టు ఈ జట్టు ఎక్కలేదు. మే రెండో వారంలో బీహార్ హమాలీలు వేరే కేంద్రానికి వెళ్లిపోయారు, లారీలు రాలేదు, ఎండ 43 డిగ్రీలు. మళ్లీ పాత గొడవలు లేచాయి, మళ్లీ ఇద్దరు మాట్లాడుకోలేదు. కానీ ఈసారి నాకు ఫోన్ రాలేదు. సాయంత్రం కూర్చుని వాళ్లే తేల్చుకున్నారు, ఒక్క రాత్రిలో. కొనీ గెర్సిక్ అనే పరిశోధకురాలు 1988లో ఎనిమిది జట్లను మొదటి నుంచి చివరి దాకా గమనించి రాసింది. వాటికి ఒకే వరుస దశలేమీ లేవట. ఇచ్చిన గడువు దాదాపు సగం గడిచాక ప్రతి జట్టూ ఒక్కసారిగా తీరు మార్చుకుందట. మా కేంద్రంలో కూడా పెద్ద మలుపు వచ్చింది సీజన్ నడిమధ్యే, వాన రాత్రి. కొట్లాటలో పుట్టిన కట్టుబాట్లకు ఆ రాత్రి పరీక్ష గడియ వచ్చిందని నేను అనుకుంటున్నాను. కట్టుబాట్లు లేకుండా అదే వాన మొదటి సీజన్‌లో పడి ఉంటే, పొద్దున్నే నా ఫోన్‌లో ఏడు మిస్డ్ కాల్స్ ఉండేవి.

ముగింపు లెక్కలు

సీజన్ చివరి రోజులను మేము సాధారణంగా పట్టించుకోం. చివరి లారీ పోగానే ఎవరి దారి వాళ్లది. ఈసారి లెక్కల రోజు అని ఒకటి పెట్టాం. గన్నీ సంచులు ఎన్ని వచ్చాయి, ఎన్ని మిల్లుకు పోయాయి, ఎన్ని చిరిగాయి. టార్పాలిన్లు, మీటర్లు, తాలు పట్టే మిషన్ అప్పగింత. ఏ రైతు డబ్బు ఇంకా పడలేదు, దానికి ఎవరు తిరగాలి. అన్నీ అయ్యాక ఒక్కొక్కరూ పక్కనున్నామె గురించి ఒక సంగతి చెప్పాలని అడిగాను. ఏడుగురూ వచ్చారు. ఇన్‌ఛార్జి మీటరు ఆమె గురించి చెప్పడం మొదలుపెట్టి పూర్తి చేయలేకపోయింది, కొంగుతో కళ్లు తుడుచుకుంది. మీటరు ఆమె లేచి ఆమెకు నీళ్లు తెచ్చింది.

ఇంకోసారి చేస్తే రెండు పనులు మార్చుకుంటాను. మొదటి రోజు నోరు విప్పని మనిషి దగ్గరికి ఆ వారంలోనే వెళ్తాను. ఆమె మీటరు బల్ల మీద పెట్టేదాకా ఆగను. రెండోది, ఆ పెద్ద రైతు అన్న మాట గురించి. జట్టు లోపలి గొడవను జట్టుకు వదలడం సరైనదే. కానీ కులం పేరుతో అన్న మాట జట్టు లోపలి గొడవ కాదు. దాన్ని కూడా నేను అదే మూటలో కట్టేశాను. ఆ రోజే గ్రామ సంఘం తరఫున ఆయన్ను పిలిచి నిలదీయాల్సింది. ఆమెకు నేను ఇప్పటికీ ఆ బాకీ ఉన్నాను.

అదే ఏడాది వానాకాలానికి ఇద్దరు మారారు. ఒకామె కూతురి కాన్పు కోసం హైదరాబాద్ వెళ్లింది, ఇంకొకామెకు మోకాళ్ల నొప్పులు. కొత్తవాళ్లిద్దరూ మొదటి రోజు ఏది అడిగినా తలూపారు. నేను ఇంకా నోరు తెరవకముందే మీటరు ఆమె వాళ్లను ఒక కుప్ప దగ్గరికి తీసుకెళ్లింది. పిడికెడు వడ్లు తీసి ఇద్దరి చేతుల్లో పోసి, "ఎంత ఉంటదో చెప్పున్రి" అంది. ఒకామె 15 అంది, ఇంకొకామె 20. "మంచిగైంది, ఇద్దరూ వేరే వేరే చెప్పిన్రు" అని మీటరు తీసింది.